ఉరుకుందలో ఇచ్చిన జుట్టు

ఎమ్మిగనూరు,
2-7-1956

అక్క లింగమ్మకు, చెల్లెలు ఉరుకుందమ్మ రాసేది ఏమంటే, ఇక్కడ మేమందరం బాగున్నాము. ఆదోనిలో నువ్వూ, తిమ్మప్ప బావా, మా జయన్నా బాగున్నారని తలుస్తున్నాను.

వాన ఇంకా పడలేదు. మగ్గం గుంతలో కాళ్ళు పెడితే చల్లగా ఉంటుందని ఆయన పగలంతా దాంట్లోనే ఉంటాడు. నేను నూలు కండెలు చుట్టి అందిస్తున్నాను. మా అత్త భీమమ్మ అరుగు మీద కూర్చుని వీధిలో ఎవరింట్లో ఏమి వండినారో కనుక్కుంటుంది.

ఒక చిన్న సంగతి. మొన్న ఆదివారం మా అత్త నా తలకు నూనె పెడుతూ పెడుతూ చెయ్యి ఆపేసింది. "ఏందే ఇది, ఈడ నున్నగుండాది?" అనింది. వెనక, మెడకు పైన, పావలా బిళ్ళంత చోట ఒక్క వెంట్రుక లేదు. పేనుకొరుకుడంట. నిద్రలో పేను కొరికితే అట్లా ఊడిపోతుందంట. నా తలలో పేలు ఎక్కడివి అక్కా? గురివింద గింజ అరగదీసి రుద్దుతోంది. మంట పుడుతుంది, అంతే. నొప్పి లేదు. కానీ పొద్దస్తమానం చెయ్యి అక్కడికే పోతుంది. ఒక చెయ్యి రాట్నం మీద ఉంటే ఇంకో చెయ్యి తల వెనకే, పెరిగిందా తగ్గిందా అని.

ఈ వీధిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ 'పెద్దజడామె'నే. అందుకే నీకు రాస్తున్నాను. జయన్నకు నా ముద్దులు.

నీ చెల్లెలు
ఉరుకుందమ్మ


ఆదోని,
11-7-1956

ఉరుకుందికి అక్క లింగమ్మ దీవించి రాసేది.

నీ జాబు చదివి నేనూ మీ బావా కడుపు పట్టుకొని నవ్వినాము. ఓసి పిచ్చిదానా, పావలా బిళ్ళంత పోయిందని ఏడుస్తాండావా? నీ జడలో సగం పోయినా మిగిలిన సగంతో నాలాంటోళ్ళు ముగ్గురికి సవరాలు కట్టొచ్చు. మీ బావ ఏమన్నాడో రాయనా? "ఆ పావలా మీ సెల్లెలు యాడో దాసిపెట్టుకొని ఉంటాదిలే" అన్నాడు. అమ్మ జడబిళ్ళ నీ జడ మీదే సోకుగా ఉంటుందని చుట్టాలంతా అన్నా, పెద్దదాన్నని నేను లాక్కున్నా కదా. ఆ ఉసురు నాకు తగలాల గానీ నీకు తగిలిందేమో!

గురివింద గింజ కండ్లల్లో పడకుండా చూసుకో. కొన్నాళ్ళకు అదే వస్తుంది.

జయన్నకు పుట్టు వెంట్రుకలు ఇంకా తీపియ్యలేదు. ఉరుకుంద వీరన్న స్వామికి మొక్కిన వెంట్రుకలు. మీ బావకు దూది మిల్లులో సెలవు దొరికితే ఈ శ్రావణంలో వస్తాము. జుట్టు కండ్లల్లో పడుతుంటే ఆడపిల్ల మాదిరి పిలక వేసినా. "అమ్మా పూలు" అని అడుగుతాడు దొంగ. వాడికి ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. ఎండకేమో.

ఇంక పావలా లెక్కలు మానేసి కడుపు నిండా తిను.

లింగమ్మ


ఎమ్మిగనూరు,
31-7-1956

అక్కకు,

నువ్వు నవ్వినావని చదివి నేను కూడా నవ్వాలని చూసినాను. ఇంక ఆ సంగతి నీకు రాయను.

ఒకసారి రా అక్కా. కాగితం మీద పెట్టలేని సంగతి ఒకటి ఉంది. పొద్దున లేవాలంటే భయం. లేస్తూనే దిండు చూడాల్సి వస్తుందని గోడవైపు తిరిగి లేస్తున్నాను. అన్నం సయించదు. తలస్నానం అంటే ఏడుపు వస్తోంది. మా అత్తకు తెలియనియ్యలేదు. ఆయనకు తెలుసు. నువ్వు ఒక్కదానివే వచ్చి నా ఎదురుగా కూర్చుంటే చాలు. ఈ జాబు బావకు చూపించొద్దు.

ఉరుకుందమ్మ


ఆదోని,
14-8-1956

ఉరుకుందీ,

నీ జాబు చదవగానే నాకు తెలిసిపోయింది. పొద్దున లేవలేవు, అన్నం సయించదు, అత్తకు చెప్పలేదు. జయన్న కడుపున పడినప్పుడు నాకూ ఇట్లే. మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దు. తీరుబడిగా కూర్చొని నీకు రాయాల్సిన జాబు ఇది. నా చేతులు ఆడడం లేదు.

జయన్నకు విషజ్వరం. కండ్లు తెరవడం లేదు. డాక్టరు వచ్చి సూది వేసి పోతాండాడు. మా అత్త మూలన కూర్చొని "మొక్కిన ఎంటికలు నెత్తిన పెట్టుకొని తిప్పితే సామి ఊరికే ఉంటాడా?" అంటాంది. ఎవరి మీద కోప్పడాల నేను? వీడిని ఎత్తుకొని అంత దూరం ఎట్లా పోయేది?

ఉరుకుంద మాకంటే మీకు దగ్గర. నువ్వు ఇప్పుడు ఒట్టి మనిషివి కాదు, నడవొద్దు, బండి కట్టించుకొని పో. శ్రావణ సోమవారం స్వామికి నా మాట చెప్పు. బిడ్డ దక్కితే ఏమడిగితే అది ఇస్తానని చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటా.

లింగమ్మ


ఎమ్మిగనూరు,
21-8-1956

అక్కా,

ముందు జయన్న ఎట్లున్నాడో ఒక కార్డు ముక్క రాయి.

నిన్న సోమవారం ఉరుకుందకు పోయి వచ్చినాము. నీ మాట స్వామికి చెప్పినాను. నా తలనీలాలు ఇచ్చినాను. మంగలి తల తడిపి, కత్తి పెట్టబోయి, నా మొగంలోకి చూసినాడు. "కండ్లు మూసుకో తల్లీ" అన్నాడు.

ఎటు చూసినా గుండ్లే. ముసలివాళ్ళూ, పిల్లలూ, కొత్త పెండ్లికూతుళ్ళూ. ఆ గుంపులో నన్ను ప్రత్యేకంగా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చాలా దినాల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను.

నేను కడుపుతో లేను. ఆ మాట మనసులోంచి తీసెయ్యి. జయన్న సంగతి రాయి.

ఉరుకుందమ్మ


ఆదోని,
3-9-1956

నా తల్లీ, నా ఉరుకుందీ,

దీనికి మొదలేమి రాయాల్నో తెలియడం లేదు. జయన్న లేచి కూర్చున్నాడు. గంజి తాగినాడు. నిన్న పిల్లిని తోక పట్టి ఈడ్చినాడు.

జ్వరం ఎప్పుడు దిగిందనుకున్నావు? ఆ సోమవారమే. సాయంత్రం చెమట పట్టి ఒళ్ళు చల్లబడింది. డాక్టరు తన సూది పని చేసిందన్నాడు. అననీలే. ఏది పని చేసిందో నాకు తెలుసు. నేను ఒట్టి మాట చెప్పి రమ్మన్నా. నువ్వు జడే తీసి ఇచ్చి వచ్చినావు! ఎటువంటి జడ అది! దాన్ని చూసి నేను ఎంత కుళ్ళుకునేదాన్నో నీకు తెలుసు. నీ జాబు చదివి వినిపిస్తే మా అత్త కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది. మీ బావ గుమ్మం బయటికి పోయి నిలబడినాడు. పావలా అని ఎగతాళి చేసినందుకు నా నోరు పడిపోను.

బండి తోలే ఏసన్న చేతికి అమ్మ జడబిళ్ళ ఇచ్చి పంపుతాండా. ఇంక అది నీదే. కాదన్నావంటే నా మీద ఒట్టు.

జయన్న వెంట్రుకల బదులు నీవి చెల్లిపోయినాయి, ఇంక వాడికి తొందరపడి కత్తి పెట్టే పని లేదని మా అత్త తేల్చేసింది. నేను ఒకటి అనుకున్నా. నీ జుట్టు పెరిగేదాకా వాడి జుట్టు కూడా పెరగనిస్తా. అప్పుడు మీ ఇద్దరినీ ఒక చాప మీద కూర్చోబెట్టి, నా చేతులతో పూలజడలు వేస్తా. ఆ పైన వాడివి తీపిద్దాం.

నీకు ఎన్ని జన్మలకైనా ఋణపడిన
లింగమ్మ


ఎమ్మిగనూరు,
12-11-1956

అక్కకు, చెల్లెలు రాసేది. జవాబు ఆలస్యమైంది, కోప్పడొద్దు.

మొన్న తెలంగాణాతో కలిసిపోయినామని నేత సొసైటీ దగ్గర బొరుగులూ బెల్లం పంచినారు. ఆయన నాకు కొంగులో పోసి ఇచ్చినాడు.

ఏసన్న జడబిళ్ళతో పాటు నీ మాటలు కూడా ఊరంతా పంచినాడు. వీధిలో ఆడవాళ్ళు నా కాళ్ళు తాకుతున్నారు. "అక్క కొడుకు కోసరం జడ ఇచ్చినామె" అని బిడ్డల్ని తెచ్చి నా ఒళ్ళో పెడుతున్నారు. మా అత్త నన్ను అమ్మా అని పిలుస్తోంది. శ్రావణం ముందు నేను ఎవరి కంట పడకుండా నీళ్ళకు పోయేదాన్ని. ఇప్పుడు తలెత్తుకొని పోతున్నాను. ఇది నాకు తగదు అని చెప్పాలి. రోజూ చెప్పాలనుకుంటాను. నోటిదాకా వచ్చి నిలిచిపోతుంది.

నీ ఒట్టుకు భయపడి జడబిళ్ళ ఉంచుకున్నాను. నాకెందుకు అక్కా అది? జుట్టు ఇంకా రాలేదు.

జయన్న వెంట్రుకలు మాత్రం ఆపొద్దు. నా తల చూసుకొని వాడిది ఆపొద్దు. వాడి మొక్కు వాడిది. ఈ కార్తీకంలోనే తీపించు. నేను ఊరికే రాయడం లేదు.

ఉరుకుందమ్మ


ఆదోని,
18-2-1957

ఉరుకుందమ్మ గారికి,

గారు అని ఎందుకన్నానో తర్వాత చెప్తా. దీపావళికి రమ్మంటే రాలేదు. ఏసన్న చేత చెప్పి పంపితే తలనొప్పి అన్నావంట. జయన్నకు జడ వేసి, మల్లెపూలు చుట్టి ఫోటో తీపించినా. జడ వాడి వీపు తాకుతాంది. ఆ ఫోటో చూడనైనా వస్తావనుకున్నా.

నీ జుట్టు ఇంకా రాలేదని రాసినావు. ఎవరు నమ్ముతారు? గుండు చేయించుకున్న ఎవరికైనా ఇన్ని నెలలకు చెవులు మూసేంత వస్తుంది. నువ్వు నెత్తిన కొంగు తీయవని, లోపల గుండు నున్నగా మెరుస్తాందని ఏసన్న చూసి చెప్పినాడు. తెలిసిందిలే తల్లీ. మళ్ళీ మళ్ళీ గుండు చేయించుకుంటాండావు. నీకో బిడ్డ కావాలని మొక్కినావంటే అక్కతో చెప్పకూడదా? లేకపోతే కాళ్ళు మొక్కించుకోవడం రుచి మరిగినావా? అందుకే గారు అన్నా.

పైన రాసింది కొట్టెయ్యాలనుకున్నా, కాగితం పాడవుతుందని వదిలేసినా. కోపంలో నా నోరు నీకు కొత్తా? ఉగాదికి రా. జయన్న నీ ఒడిలో కూర్చోవాల. రాకపోతే నాకు చెల్లెలు లేదనుకుంటా.

లింగమ్మ


ఎమ్మిగనూరు,
22-4-1957

అక్కా,

ఏసన్న ఇప్పుడే చెప్పి పోయినాడు, జయన్నకు మళ్ళీ జ్వరమని. ఇంక ఆగకూడదు. ఈ జాబు అందగానే వాడి వెంట్రుకలు తీపించి స్వామికి ముడుపు కట్టు. నా జుట్టు వాడి కోసం ఇచ్చింది కాదు. వాడి మొక్కు చెల్లలేదు.

పావలా బిళ్ళ ఒకటే అని నీకు రాసినాను. ఆ తర్వాత ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. ఆషాఢం పోయేలోగా దిండు మీద పిడికెడు, దువ్వెనలో పిడికెడు. దిండు చూడలేనని రాస్తే నువ్వు కడుపు అనుకున్నావు. రాలినవన్నీ ఏరి నూలు సంచిలో దాచుకున్నాను, మళ్ళీ అతికించుకునేదాని మాదిరి. శ్రావణంలో అందరూ గుండ్లతో తిరుగుతారు, వాళ్ళలో కలిసిపోతే ఎవరూ అడగరనుకున్నాను. స్వామికి ఇచ్చింది జడ కాదక్కా. మిగిలిన నాలుగు పోగులు. మంగలి అందుకే నా మొగం చూసినాడు.

నీ మాట చెప్పినాను, అది అబద్ధం కాదు. జయన్నను కాపాడమని దండం పెట్టినాను. కానీ స్వామి ముందర నిలబడి ముందు నా జుట్టు అడిగినాను. తర్వాత వాడిని అడిగినాను. ఆ వరస నేను మరిచిపోలేకపోతున్నాను.

నేను వాడి కోసమే ఇచ్చినానని నువ్వు రాసినప్పుడు కాదనాల్సింది. నవ్వులాట అయిపోతుందనుకున్న తలకు నువ్వు ఒక మర్యాద ఇచ్చినావు. దాన్ని వదులుకోలేకపోయినాను.

జుట్టు మళ్ళీ ఒక్కటి కూడా రాలేదు. శివరాత్రి తర్వాత కనుబొమ్మలు పోయినాయి. ఆ తర్వాత కంటిరెప్పల వెంట్రుకలు. దుమ్ము నేరుగా కంట్లో పడుతుంది. అద్దం తిప్పి పెట్టినాను. కనుబొమ్మలు పోతే ఏ రోగమంటారో నీకు తెలుసు. కాళ్ళు తాకినవాళ్ళే నన్ను చూసి కొంగు దగ్గరికి లాక్కుంటున్నారు. నేను చుట్టిన కండెలు పక్క మగ్గాల వాళ్ళు ముట్టుకోరు. సర్కారు డాక్టరు దగ్గరికి పోయినాను. ఒళ్ళంతా సూదితో గుచ్చి తెలుస్తోందా అన్నాడు. ప్రతి పోటూ తెలిసింది. "కుష్టు కాదు, ఎవరికీ అంటుకోదు, ప్రాణానికి ఏమీ భయం లేదు" అన్నాడు. మళ్ళీ వస్తాయా అంటే చెప్పలేనన్నాడు. ప్రాణానికి భయం లేదంట. ఆ మాట విని నాకు సంతోషం కలగలేదు.

మా అత్త పొద్దున్నే ఎదురు రావద్దంది. "నా కొడుకు రాయి మాదిరి బతికుండంగ, ముండమోసినట్ల కనపడతావేందే!" అంటుంది. ఆమెను నేను తప్పు పట్టను. నా మొగం నాకే ఎవరిదో అన్నట్టుంది.

ఆయన సంగతి విను. మొన్న నేను ముసుగు లేకుండా పెరట్లోంచి లోపలికి వస్తే, మగ్గంలోంచి తలెత్తి చూసి "ఎవురు కావాలమ్మా?" అన్నాడు. నాలుగేండ్లు కాపురం చేసిన మనిషి అక్కా. తర్వాత గుర్తుపట్టి తల దించుకున్నాడు. ఆ పూట ఆయనకు పోగులు తెగుతూనే ఉన్నాయి. నేను అతుకుతూనే ఉన్నాను.

చచ్చిపోవాలని లేదు. బతికున్నట్టు ఎవరికీ కనపడకూడదని ఉంది.

తిట్టాల్సిందంతా తిట్టు. వచ్చి కొట్టినా సరే, వచ్చినావని సంతోషిస్తాను. ముందు వాడి వెంట్రుకలు తీపించు.

ఉరుకుందమ్మ


ఆదోని,
20-5-1957

ఉరుకుందికి,

జయన్న పోయినాడు.

నీ జాబు వచ్చేసరికి వాడికి అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టినాము. అమ్మవారు ఉన్న ఇంట్లో కత్తి పెట్టరని, ఆ ఒంటికి దువ్వెన కూడా తగలనియ్యరని నీకు తెలుసు. అయినా నీ జాబు చదివి "కత్తి తెండి, కత్తి తెండి" అని నేనే అరిచినా. మా అత్త అడ్డం పడింది. "తల్లికి కోపం తెప్పిస్తావా, బిడ్డను నీ సేతుల్తోనే సంపుకుంటావా?" అని నా రెండు చేతులూ పట్టుకుంది. నేను ఎందుకు అరుస్తాండానో ఆమెకు చెప్పలేదు. అమ్మవారు ఇంట్లో ఉండగా దేవుడికి అబద్ధం చెప్పినామని ఎట్లా చెప్పేది?

వాడి జుట్టు అట్లే ఉండింది. పొక్కుల మధ్య అతుక్కొని ఉండింది. జుట్టుతోనే పంపినాము.

నిన్ను తిట్టాలని కాగితం ముందర పెట్టుకొని కూర్చున్నా. కార్తీకంలోనే తీపించమని నువ్వు రాసినావు. నేను వినలేదు. ఎవరిని తిట్టుకోవాల్నో తెలియక లేచి పక్కకు పోయినా.

పరామర్శకు వచ్చినోళ్ళు ఏమంటాండారో తెలుసా? "పోయిన శ్రావణంలోనే పోవాల్సినోడు. పిన్నమ్మ జడ ఇచ్చి ఇన్నాళ్ళు నిలబెట్టుకున్యాది" అంటాండారు. ఆ మాట పట్టుకొనే నేను పొయ్యి రాజేస్తాండా, నీళ్ళు తాగుతాండా. వాడు వీధిలోకి పరుగెత్తింది, నాకు ఎదురు చెప్పడం నేర్చింది, జడ వేసుకొని ఫోటోకు నిలబడింది, అంతా ఆ నెలల్లోనే. అవి నీ జడ ఇచ్చిన నెలలు. కాదని నువ్వంటే అవి యాడి నుంచి వచ్చినట్టు? ఊరికే వచ్చి ఊరికే పోయినట్టా?

నీ జాబు పొయ్యిలో పెట్టినా. మీ బావకు చెప్పలేదు. నువ్వు వాడి కోసమే ఇచ్చినావు. ఇంక ఎప్పుడూ, ఎవరితోనూ వేరే మాట అనొద్దు. నాకు కూడా అట్లే రాయి. ఒక కార్డు మీద రాయి, చాలు. మా అత్తకు చదివి వినిపించాల.

కర్మకు రావద్దు. వస్తే నీ మొగం చూస్తారు. చూస్తే అడుగుతారు. అడిగితే నువ్వు చెప్పేస్తావు.

నీకు ఎట్లుందని నేను అడగలేదనుకోవద్దు. ఇప్పుడు నాకు ఆ శక్తి లేదు.

లింగమ్మ


ఎమ్మిగనూరు,
27-5-1957

అక్కకు, చెల్లెలు ఉరుకుందమ్మ రాసేది.

నీ జాబు అందింది.

జయన్నకు జ్వరమని నువ్వు రాస్తే, వాడు దక్కాలని మొక్కుకొని, శ్రావణ సోమవారం ఉరుకుందకు పోయి, నా జడ స్వామికి ఇచ్చినాను. వాడి కోసమే ఇచ్చినాను. మోకాళ్ళ దాకా ఉండే జడ. దానికి ఏ రోగమూ లేదు.

జడబిళ్ళ ఏసన్న చేతికి ఇచ్చినాను.

ఇక్కడ మేమందరం బాగున్నాము.

ఉరుకుందమ్మ